ఆకుపచ్చకి రెండు గాట్లు

జూన్ 3

తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ అందరం కులాసా. నాన్న మోకాళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి.

మంగళవారం పొద్దున జరిగింది చెబుతాను. పెద్ద విషయమేమీ కాదు. ఐదింటికి లేచాను. స్నానం చేసి, దీపం పెట్టుకుని కాసేపు కూర్చున్నాను. తర్వాత కొట్టు తలుపు తీసి ఊడ్చాను. మిషనుకు నూనె వేశాను. నాన్న కిటికీ పక్క కుర్చీలో కూర్చుని గుండీలు కుడుతున్నాడు. చూపు తగ్గినా వేళ్ళు మరిచిపోలేదు. బడి యూనిఫారాలు పన్నెండున్నాయి, ముదురాకుపచ్చవి, కింద అంచు మడిచి కుట్టాలి. మీ మేనల్లుడు కాఫీ గ్లాసుతో వచ్చాడు. "ఆకుపచ్చ రీలు అందుకోరా" అన్నాను. రీళ్ళ మీద అంటించిన కాగితాలు ఎప్పుడో ఊడిపోయాయి. వాడు రెండు రీళ్ళు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒకటి తెచ్చి ఇచ్చాడు. గోధుమ రంగుది.

ఆ గోధుమ దారాన్నే తీసుకున్నాను. సూదిలోకి ఎక్కించాను. వాడు లోపలికి వెళ్ళాక, నాన్న చూడకముందే మార్చేశాను.

నువ్వు గుర్తొచ్చావు. ఎందుకో ఇంకోసారి రాస్తాను.

వాడికి పైలట్ బడిలో సీటు వచ్చింది, నీకు తెలుసు. చేరాలంటే విమానాల డాక్టరు ఇచ్చే మొదటి తరగతి వైద్య పత్రం కావాలి. అది లేకపోతే ప్రయాణికుల విమానం నడపనివ్వరు. పరీక్ష మీ ఊళ్ళోనే, పదహారో తారీఖున. వారం ముందే నీ దగ్గరికి పంపుతున్నాను.

మంగళవారం సాయంత్రమే వాడిని మన వీధి కళ్ళద్దాల కొట్టాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన చుక్కల పుస్తకం తెరిచాడు. పేజీ నిండా రంగు చుక్కలు, వాటి మధ్యలో చుక్కలతోనే ఒక అంకె. మామూలు కంటికి అంకె కనిపిస్తుంది. వాడు చాలా పేజీల దగ్గర ఆగిపోయాడు. విమానాల డాక్టరు కూడా ఇదే పుస్తకం చూపిస్తాడట. ఒక్క పూటకి అడిగి తెచ్చుకున్నాను. అంకెలన్నీ వరసగా కాగితం మీద రాశాను. స్తోత్రం నేర్పినట్టు నేర్పాను. వచ్చేసింది. రోజూ పొద్దున నువ్వు ఒప్పజెప్పించుకో.

ఏడేళ్ళప్పటి నుంచి వాడు అడిగింది ఇదొక్కటే. అది పోకూడదని తప్ప నాకింకేమీ తోచలేదు.

ఫోనులో నువ్వు మాట్లాడతావు, నేను ఊఁ కొడతాను. అందుకే ఉత్తరం.

అక్క


జూన్ 12

అక్కకి పిండి చేతుల నమస్కారం. కాగితం మీద మరకలు అందుకే, కన్నీళ్ళనుకునేవు.

అల్లుడు దిగాడు. దిగీ దిగగానే మా బేకరీ గుమ్మానికి తల కొట్టుకున్నాడు. మీ మరదలు చూసి, "అచ్చం మీరేనండీ, ఆ నడకా, ఆ మెడ వంపూ, ఆ గుమ్మం చూసుకోకపోవడమూ" అంది. మేనమామ పోలిక అంటే ఇదీ! నువ్వు తొమ్మిది నెలలు మోసి మా ఇంటి సరుకు కన్నావు.

నీ మంత్రం దివ్యంగా సాగుతోంది. నేను పిండి పిసుకుతుంటే వాడు ఎదురుగా బల్ల మీద కూర్చుని, "పన్నెండు, ఎనిమిది, ఆరు, ఇరవై తొమ్మిది" అంటూ మొదలుపెడతాడు. మా పొయ్యి దగ్గర పనిచేసే ముసలాయనకి కూడా వచ్చేసింది. నిన్న రొట్టెలు లెక్కపెట్టమంటే, "పన్నెండు, ఎనిమిది, ఆరు" అన్నాడు. రేపో మాపో ఆయన కూడా విమానం ఎక్కేట్టున్నాడు.

అల్లుడు దారిలో అలాంటి చుక్కల పుస్తకమే ఒకటి కొనుక్కొచ్చాడు. నేనూ సరదాగా చూశాను. కొన్నవాడు మోసపోయాడక్కా! మొదటి పేజీలో పన్నెండు ఉంది. ఆ తర్వాత అన్నీ ఉత్త చుక్కలే. ఏదో చౌక అచ్చు, అంకెలు వేయడం మరిచిపోయారు. "మార్చుకు రారా, ఊరుకుంటే ఎట్లా" అన్నాను. వాడు నా వైపు అదోలా చూసి, "పర్లేదులే మామయ్యా" అన్నాడు. మొహమాటస్తుడు. అది మాత్రం మీ బావగారి పోలిక... అంటే మా బావ. రాసేటప్పుడు కూడా తడబడుతున్నాను చూడు, పొయ్యి పిలుస్తోంది.

రొట్టె అయిందో లేదో నేను అడుగు తట్టి, మోత విని చెబుతాను కదా. అల్లుడికి అది వింతగా ఉంది. "రంగు చూసి తీయొచ్చుగా?" అంటాడు. "రంగులో ఏముందిరా, ఇదిగో చెవి పెట్టు" అన్నాను. రెండు రోజుల్లో పట్టేశాడు. పైలట్ కాకపోయినా బతికేస్తాడు. ఊరికే అన్నాలే, కొట్టకు.

నీ చిన్నోడు


జూన్ 17

అక్కా,

ఈసారి హాస్యం లేదు.

నిన్న పరీక్ష. చెవులు, గుండె, ఊపిరి, దూరపు చూపు అన్నీ బాగున్నాయి. చివర చుక్కల పుస్తకం. డాక్టరు పుస్తకాన్ని మొదటి నుంచి తెరవలేదు. మధ్యలో ఎక్కడో తీశాడు. అది చూసి మనవాడికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. నోరు మాత్రం ఆగలేదు. "పన్నెండు" అన్నాడు. డాక్టరు పేజీ తిప్పాడు. "ఎనిమిది" అన్నాడు. ఇంకోటి. "ఆరు." ఆయన పుస్తకం మూసి, కళ్ళజోడు తీసి, "బాబూ, నువ్వు చదువుతున్నది బాగానే ఉంది. నేను చూపిస్తున్నది మాత్రం అది కాదు" అన్నాడట.

కాగితం మీద రాసిచ్చాడు: రంగుల చూపు, అనర్హం. పక్కన, "జవాబులు కంఠతా పట్టినట్టు అనుమానం."

అప్పటి నుంచీ వాడు వెనక గదిలో పిండి బస్తాల మీద కూర్చున్నాడు. మీ మరదలు మూడుసార్లు పళ్ళెం పెట్టింది, మూడుసార్లూ అలాగే వచ్చింది. నేను ఆ డాక్టర్ని నాలుగు మాటలు అడిగొద్దామనుకున్నాను. వాడే వద్దన్నాడు.

నాకు ఒకటే అర్థం కావడం లేదక్కా. అన్నిట్లోనూ నా పోలికే కదా, కళ్ళు మాత్రం ఎవరివి వచ్చాయి వీడికి? నా కళ్ళు బంగారం. వీధి చివర గడియారం ముల్లు ఇక్కణ్ణుంచే చెబుతాను. అవి వచ్చి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

తమ్ముడు


జూన్ 20

తమ్ముడికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. దీపం దగ్గర కూర్చున్నాను. ఇక చెప్పాలి.

ఆ కళ్ళు నీవే.

నీకు తొమ్మిదేళ్ళు. నాకు పంతొమ్మిది. నాన్న రీలు అడిగితే నువ్వు తప్పుది తెచ్చేవాడివి. ఎరుపుకి గోధుమ, గోధుమకి ఆకుపచ్చ. ఒకరోజు నాన్న కొలబద్ద విసిరాడు. నీ చెవి పక్కనుంచి పోయింది. పరధ్యానం అన్నాడు, మొద్దు అన్నాడు. నువ్వు పరధ్యానంగా లేవని నాకు తెలుసు. రీలు చేతిలో పట్టుకుని నువ్వు ఎంత కష్టపడి చూసేవాడివో నేను చూశాను.

ఆ మధ్యాహ్నం బ్లేడు తీసుకుని చెక్క రీళ్ళ అంచుకి గాట్లు పెట్టాను. ఎరుపుకి ఒకటి. ఆకుపచ్చకి రెండు. గోధుమకి మూడు. "కరెంటు లేకపోయినా తడిమి తీయొచ్చు" అని నీకు చెప్పాను. నువ్వు దర్జీల కిటుకు అనుకున్నావు. సంతోషించావు. నాన్న మళ్ళీ విసరలేదు. నేనూ సంతోషించాను.

పుస్తకంలో అచ్చు తప్పేమీ లేదు. అంకెలున్నాయి.

నిన్న కళ్ళద్దాల కొట్టాయన విడమరిచి చెప్పాడు. ఈ రంగుల చూపు లోపం తల్లి నుంచి కొడుక్కి వస్తుందట. మోసే తల్లికి మామూలుగా తెలియదట. అమ్మ నుంచి నీకు వచ్చింది. అమ్మ నుంచే నాకూ వచ్చి, నాలో దాక్కుని, నా కొడుక్కి చేరింది. మేనమామ పోలిక అని నువ్వన్నది నిజమే. తెచ్చి ఇచ్చింది నేను.

నీకోసం రీళ్ళకి గాట్లు పెట్టినట్టే వాడికి అంకెలు నేర్పాను. తప్పు చేశాను. రీలు తప్పితే అంచు విప్పి మళ్ళీ కుట్టవచ్చు. వాడి వెనక నూట యాభై మంది కూర్చుంటారు.

ఆ అంకెల కాగితం చింపెయ్యమను. డాక్టరు దగ్గరికి వెళ్ళి, అంకెలు మా అమ్మ నేర్పిందని చెప్పమను. కనబడనిది కనబడిందని చెప్పి విమానం ఎక్కకూడదు.

నన్ను క్షమించు. వాడిని కూడా క్షమించమన్నానని చెప్పు.

అక్క


జూన్ 24

అక్కా,

రెండు రోజులుగా ఫోను ఎత్తనిది చేతులు ఖాళీ లేక కాదు.

ముందు మీ మరదలి సంగతి. ఉత్తరం చదివి వినిపించి, "విన్నావా ఈ ఘోరం" అన్నాను. ఆవిడ తాపీగా, "పెళ్ళయిన రెండో వారమే తెలుసండీ, టమాటాలు తెమ్మంటే అన్నీ పచ్చివే తెచ్చారుగా" అంది. "మరి చెప్పలేదేం?" అంటే, "మీకు తెలుసనుకున్నా, చెబితే చిన్నబుచ్చుకుంటారని ఊరుకున్నా" అంది. ఇరవై ఏళ్ళుగా టమాటాలు ఆవిడే కొనుక్కుంటోంది, నా బేరం బాగుండదని చెప్పి!

ఇంకోటి. మా కొట్టు తలుపుకి పదేళ్ళ క్రితం నేనే రంగు వేశాను. గోధుమ రంగని వేశాను. ఫోనులో దారి అడిగినవాళ్ళందరికీ, "గోధుమ రంగు తలుపు" అని చెబుతూ వచ్చాను. అది ఆకుపచ్చట! కొత్తవాళ్ళంతా మా ముందు నుంచే రెండుసార్లు పోయి, చివరికి వాసన పట్టుకుని వచ్చేది అందుకట. వాళ్ళకి బుర్ర లేదని తిట్టుకున్నాను ఇన్నాళ్ళూ.

దీనికి నవ్వొచ్చింది. తర్వాతది రాస్తుంటే రావడం లేదు.

నాకు పదిహేనో ఏట చెక్క రీళ్ళు పోయి ప్లాస్టిక్ రీళ్ళు వచ్చాయి, గుర్తుందా? గాట్లు పోయాయి. మళ్ళీ తప్పులు మొదలయ్యాయి. నాన్న నన్ను కొట్టు బయట నిలబెట్టి, "ఈ పనికి నువ్వు పనికిరావు, నీకు మనసు లేదు" అన్నాడు. నేను ఆ మాట నమ్మానక్కా. మనసు లేనివాణ్ణని ముప్పై ఏళ్ళు నమ్మాను. ఈ ఊరు వచ్చింది అందుకే. నువ్వు ఆ రోజు గుమ్మంలోనే ఉన్నావు. ఒక్క మాట అంటే పోయేది కదా.

అది సరే. నువ్వు చెప్పినట్టే అల్లుడికి చెప్పాను. "విమానం ఎక్కొద్దంది మీ అమ్మ" అన్నాను. వాడు అంకెల కాగితం చింపాడు. పైలట్ బడికి ఉత్తరం రాశాడు, సీటు వదులుకుంటున్నానని. కవరు బల్ల మీద ఉంది. సోమవారం పోస్టులో వేస్తానన్నాడు. ఇవాళ తెల్లారే లేచి, అడక్కుండానే పొయ్యి ముందు నిలబడి రొట్టెలు తడుతున్నాడు. చూడలేకపోయాను.

తమ్ముడు


జూన్ 26

తమ్ముడికి,

కవరు పోస్టులో వేయనివ్వకు. ఈ ఉత్తరం బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. నువ్వు ఫోను ఎత్తలేదు.

విమానం ఎక్కొద్దని నేను అనలేదు. అబద్ధంతో ఎక్కొద్దన్నాను. నా మాటలు మరీ పొదుపు. ఈసారి విడిగా రాస్తాను.

పెద్దాసుపత్రి కంటి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. మూడు గంటలు కూర్చున్నాను. ఆవిడ చెప్పింది ఇది. చుక్కల పుస్తకం జల్లెడ మాత్రమే. అందులో ఆగిపోయినవాళ్ళందరూ పనికిరానివాళ్ళు కారు. లోపం కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ. తక్కువ ఉన్నవాళ్ళకి లాంతరు పరీక్ష అని ఇంకోటి ఉంది. చీకటి గదిలో దూరం నుంచి చిన్న దీపాలు చూపిస్తారు. ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు. తప్పకుండా చెప్పగలిగితే పత్రం ఇస్తారు. చెప్పలేకపోతే ఇవ్వరు. అది న్యాయమే.

వాడు గోధుమ రీలు, ఆకుపచ్చ రీలు కిటికీ దగ్గర పోల్చి చూశాడు. నీకు మాత్రం ఎంత చూసినా రెండూ ఒకటే. వాడికి తేడా కొంత తెలుస్తోందని నా ఆశ. ఆశ మాత్రమే.

ముందు నిజం చెప్పాలి. తర్వాత ఆ పరీక్ష అడగాలి. నువ్వు తోడు వెళ్ళు.

ఆ రోజు గుమ్మంలో ఉన్నాను. నోరు తెరవలేదు. చెబితే గాట్ల సంగతి బయటపడుతుందని భయపడ్డాను. నాన్నకి భయపడి నీకు అన్యాయం చేశాను. రోజూ దీపం ముందు ఆ మాట ఒప్పుకుంటూనే ఉన్నాను. నీ ముందు ఒప్పుకోవలసింది.

అక్క


జూలై 3

అక్కా! అక్కా! అక్కా!

మూడుసార్లు పిలిచాను, దీపం దగ్గరి నుంచి లేచి రా. వచ్చింది. పత్రం వచ్చింది. మొదటి తరగతి. నా చేతిలో ఉంది. పిండి అంటకుండా రెండు వేళ్ళతో పట్టుకున్నాను.

ఇప్పుడు వరసగా చెబుతాను. డ్రైవరు నీ ఉత్తరం తెచ్చేసరికి కవరు అల్లుడి జేబులో ఉంది, వాడి కాలు గుమ్మం బయట ఉంది. చొక్కా పట్టుకుని లాగాను. గుండీ ఊడింది. నువ్వే కుట్టుకో.

సోమవారం పోస్టాఫీసుకి బదులు డాక్టరు దగ్గరికి వెళ్ళాం. దారిలో, "నువ్వు మాట్లాడకు మామయ్యా" అన్నాడు. మాట్లాడలేదు. నా జన్మలో అదే మొదటిసారి. వాడే చెప్పాడు: "అంకెలు కనబడలేదండీ, కంఠస్థం చేశాను, తప్పు నాది." అమ్మ నేర్పిందని చెప్పమన్నావు కదా, చెప్పలేదు. అడిగితే, "నేర్చుకున్నది నేను కదా" అన్నాడు.

డాక్టరు తిట్టలేదు, నవ్వలేదు. "ముందే చెప్పి ఉంటే ఆ రోజే లాంతరు దగ్గర కూర్చోబెట్టేవాణ్ణి" అన్నాడు. తర్వాత కాస్త గట్టిగానే అన్నాడు, "దిగేటప్పుడు రన్‌వే పక్కన నాలుగు దీపాలు వరసగా ఉంటాయి. తెల్లవి ఎక్కువ కనబడితే నువ్వు ఎక్కువ ఎత్తులో ఉన్నట్టు. ఎర్రవి ఎక్కువ కనబడితే మరీ కిందికి వచ్చేసినట్టు. వాటిని కంఠతా పట్టలేవు. ఏ రోజు ఏవి వెలుగుతాయో ఎవరికీ తెలియదు." మనవాడు తల వంచుకుని, "అందుకే వచ్చానండీ" అన్నాడు.

చీకటి గది. అవతలి గోడకి రెండు చిన్న దీపాలు, ఒకదాని కింద ఒకటి, సూది బెజ్జమంత. కళ్ళు అలవాటు పడేదాకా కూర్చోబెట్టారు. నన్ను మూల స్టూలు మీద ఉండనిచ్చారు, ఊపిరి గట్టిగా తీయొద్దన్న షరతు మీద. దీపాలు మారుతున్నాయి. వాడు చెబుతున్నాడు. "ఎరుపు, తెలుపు. ఆకుపచ్చ, ఆకుపచ్చ. తెలుపు, ఆకుపచ్చ." నాకు అన్నీ ఒకటే దీపాల్లా ఉన్నాయి. వీడు నోటికొచ్చింది చెబుతున్నాడేమోనని చెమటలు పట్టాయి. మధ్యలో ఒకచోట ఆగాడు. చాలాసేపు ఆగాడు. "పైది రూఢిగా తెలియలేదండీ, ఇంకోసారి చూపిస్తారా?" అన్నాడు. డాక్టరు చూపించాడు. "తెలుపు" అన్నాడు. ఆ తర్వాత మొత్తం వరస మళ్ళీ మొదటి నుంచి రెండుసార్లు. ఒక్కటీ తప్పలేదు.

లైటు వేశాక డాక్టరు కాగితం మీద రాస్తూ, "లోపం ఉంది, తక్కువే. దీపాలకి ఇబ్బంది లేదు" అన్నాడు. "తెలియలేదని చెప్పావు చూడు, అది నాకు నచ్చింది" అని కూడా అన్నాడు.

నేను ఊరుకోలేక, "నన్ను కూడా ఒకసారి కూర్చోబెట్టండి" అన్నాను. కూర్చోబెట్టాడు. అక్కా, నేను విమానం నడిపితే నేరుగా డాబాల మీద దింపుతాను. తొమ్మిది జతలకి ఏడు తప్పని కాగితం మీద రాసిచ్చాడు. ఆయన నా వైపు చూసి, "మీరేం పని చేస్తారు?" అని అడిగాడు. బేకరీ అన్నాను. "రొట్టె కాలిందని ఎలా తెలుస్తుంది?" అన్నాడు. ఆయన బల్ల మీదే తట్టి చూపించాను. టుక్, టుక్, డుబ్. ఆయన కూడా తట్టాడు. ముగ్గురం నవ్వాం.

బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుండిపోయాను. నాకు మనసు లేక కాదక్కా. ఉంది. కళ్ళే అలాంటివి. ఆ మాట ఒక డాక్టరు కాగితం మీద చూస్తే ఏదో బస్తా దించినట్టయింది. నీ మీద కోపం వెతుక్కున్నాను. గాట్లే గుర్తొచ్చాయి. బొటనవేలికి ఇంకా తెలుస్తున్నాయి, రెండు, పక్కపక్కన.

అల్లుణ్ణి రేపటి బస్సుకి పంపుతున్నాను. నాన్నకి చెబుతావో లేదో నీ ఇష్టం.

నీ చిన్నోడు


జూలై 5

చిన్నోడికి,

వాడు నిన్న సాయంత్రం క్షేమంగా చేరాడు. పత్రం దీపం దగ్గర పెట్టాను. దేవుణ్ణి ఇంకేమీ అడగలేదు. అడగడానికి ఏమీ మిగల్లేదు.

నిన్న సాయంత్రమే నాన్నకి చెప్పాను. మీ బావ, పిల్లవాడు పక్కనే ఉన్నారు. అన్నీ చెప్పాను, నా తప్పుతో సహా. నాన్న పాత రేకు పెట్టె తెమ్మన్నాడు. అడుగున చెక్క రీళ్ళు ఇంకా ఉన్నాయి. దారం లేదు, చెక్కలే. ఒక్కొక్కటీ తీసి అంచు బొటనవేలితో తడిమాడు.

"ఎలకలు కొరికాయనుకున్నాను" అన్నాడు.

మళ్ళీ తడిమాడు. "ఇది ఏది?" అన్నాడు. "రెండు. ఆకుపచ్చ" అన్నాను. "వాడు మొద్దు కాదన్నమాట" అన్నాడు. ఎవరితోనూ కాదు, రీలుతో. తర్వాత కళ్ళు తుడుచుకుని, ఇంతకీ వాడి కొట్టు ఎక్కడ అని అడిగాడు. ముప్పై ఏళ్ళలో అడగడం మొదటిసారి.

అందరం కూర్చుని అనుకున్నది ఇది. పైలట్ బడి పదిహేనున మొదలు, పిల్లవాడు చేరతాడు. ఇక మీద ఈ ఇంట్లో ఎవరికి ఏది కనబడకపోయినా కనబడలేదని చెప్పాలి, విన్నవాళ్ళు కొలబద్ద విసరకూడదు. ఈ రెండో మాట పెట్టింది నాన్నే. వాడిని బడిలో దింపే ముందు, పద్నాలుగున నాన్నా, నేనూ కూడా మీ ఇంటికి వస్తున్నాం. రేకు పెట్టె తెస్తున్నాం. మోకాళ్ళ సంగతి బస్సెక్కాక చూసుకుంటాడట.

నీ కొట్టు తలుపుకి రంగు మార్చొద్దని చెప్పమన్నాడు. దారి ఎవరినీ అడగడట, ఆకుపచ్చ తలుపు తనే చూసుకుంటాడట. నువ్వు రొట్టె తీసేవేళకి అక్కడుండాలని పొద్దుటి బస్సే అన్నాడు. ఆ మోత తనూ వినాలట.

అక్క